మూత కింద తెలుపు

తేలిగ్గా ఎవరికీ దండం పెట్టే మనిషిని కాను నేను. ఏ మనిషిని చూసినా నాకు ముందు లోపాలు కనిపిస్తాయి, మంచి ఎప్పుడో తీరిగ్గా కనిపిస్తుంది. ఈ గుణం చూసి మా అమ్మ చాలాసార్లు నెత్తి కొట్టుకుంది. అలాంటి నాకు మా పెద్దమ్మ ముందు నోట మాట రాని రోజు ఒకటి వచ్చింది. అది ఒక పాత కారుకి ఆయిల్ మార్పించిన సందర్భం. నవ్వకండి, మొత్తం విన్నాక నవ్వుదురుగాని.

పెద్దమ్మ డ్రై క్లీనింగ్ షాపులో మరకలు తీస్తుంది. ముందు కౌంటర్లో బట్టలు తీసుకుని చీటీ రాసిచ్చే అమ్మాయి వేరు. పెద్దమ్మది వెనక గది. కిటికీ పక్కన తెల్ల రేకు పరిచిన బల్ల, దాని మీద వంగే దీపం, గోడకి సీసాల అలమర. కోటు మీద సిరా, కర్టెన్ మీద తుప్పు, దుప్పటి మీద నెత్తురు, అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. ఆవిడ మరకని వాసన చూస్తుంది, గోటి చివరతో తాకుతుంది, దీపం కిందకి జరిపి చూస్తుంది. ఆ తర్వాత సీసా అందుకుంటుంది. అది ఎలా పడిందో మాత్రం ఎవర్నీ అడగదు. "అడిగితే మనిషి చిన్నబోతాడే. మనకెందుకు? వచ్చింది, తీసేశాం, అయిపోయింది" అంటుంది.

ఇంట్లోనూ అంతే. నా కుర్తా మీద చిన్న చుక్క కనిపిస్తే చాలు, నేను చెప్పేది వినడం మానేస్తుంది. కళ్ళు ఆ చుక్క మీదే ఉంటాయి. చివరికి "విప్పు, రెండు నిమిషాల్లో ఇచ్చేస్తా" అంటుంది. వాళ్ళింటికి వెళ్ళి వేసుకున్న బట్టలతోనే తిరిగొచ్చిన చుట్టం మా వాళ్ళలో తక్కువ.

పెదనాన్న స్కూళ్ళకి సైన్సు ల్యాబు సామాను అమ్మేవాడు. గాజు గొట్టాలు, తక్కెడలు, మైక్రోస్కోపులు డిక్కీలో సర్దుకుని ఊరూరూ తిరిగేవాడు. డిక్కీ పెద్దదని వెండి రంగు సెడాన్ ఒకటి కొన్నాడు. దేన్నైనా కిలోమీటర్లలోనే చెప్పేవాడు కాబట్టి పిల్లలం ఆయన్ని కిలోమీటర్ల పెదనాన్న అనేవాళ్ళం. పెద్దమ్మతో చివరిసారి ఎప్పుడు పోట్లాడావని అడిగితే "రెండు సెట్ల టైర్ల కిందట" అనేవాడు. కారు గురించి ఆయనకి ఉన్న మతం ఒక్కటే: పదివేల కిలోమీటర్లకి ఆయిల్ మార్చాలి, ముందూ వద్దు, వెనకా వద్దు. మీటరు అంకె అక్కడికి చేరేసరికి ఎక్కడున్నా సరే షెడ్డు వెతుక్కుని ఆగిపోయేవాడు.

ఆ తర్వాత ఆయన కిడ్నీలు పనిచేయడం మానేశాయి. రోజు విడిచి రోజు ఆస్పత్రికి వెళ్ళి డయాలిసిస్ చేయించుకోవాలి. ఆయన ఒంట్లో రక్తమంతా ఓ గొట్టం గుండా బయటికొచ్చి, మిషన్లో శుభ్రపడి, ఇంకో గొట్టం గుండా లోపలికి పోవాలి. అది చూడ్డానికి మొదటిసారి వెళ్ళినప్పుడు నేను కుర్చీలోంచి కదల్లేకపోయాను. మనిషి పక్కన పడుకుని పేపరు చదువుకుంటుంటే మనిషిలోని రక్తం బయట తిరుగుతోంది. ఇది మామూలు విషయమన్నట్టు నర్సులు భోజనాల గురించి మాట్లాడుకుంటున్నారు.

మొదట్లో ఆంబులెన్సులో తీసుకెళ్ళేవాళ్ళు. పెద్దమ్మ వాళ్ళది పై అంతస్తు, లిఫ్టు లేదు. ఇద్దరు మనుషులు ఆయన్ని కుర్చీకి బెల్టుతో కట్టి, మెట్ల మీద నుంచి వంచుతూ లేపుతూ దింపేవాళ్ళు. ప్రతి గుమ్మంలోనూ ఒక ముఖం ఉండేది. నిజానికి ఒకరు పట్టుకుంటే ఆయన నిదానంగా నడిచి దిగగలడు. అంత తీరిక ఆ మనుషులకి ఉండేది కాదు. "ఇంకోసారి నన్ను బీరువాలా మోయిస్తే నేను రాను" అన్నాడు పెదనాన్న. అన్నంత పనీ చేశాడు. మర్నాటికి కాళ్ళు ఉబ్బాయి, ఆ మర్నాటికి ఊపిరి అందలేదు. అప్పుడు కూడా ఆయన్ని ఒప్పించేసరికి మా అందరికీ తలప్రాణం తోకకొచ్చింది.

పెద్దమ్మ ఎవరితోనూ చెప్పకుండా డ్రైవింగ్ స్కూల్లో చేరింది. ఆ వయసులో ఆడవాళ్ళు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటారు. ఈవిడ రివర్స్ గేరు గురించి మాట్లాడింది. మొదటి పరీక్షలో తప్పింది, రెండోసారి గట్టెక్కింది. లైసెన్సు తెచ్చి మంచం మీద పెడితే పెదనాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఫొటో బాగా వచ్చింది" అన్నాడు. దిండు కింద నుంచి తాళాలు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. తన జీవితంలో ఎవరికీ ఇవ్వని తాళాలవి.

ఇస్తూనే ఒక షరతు కూడా పెట్టాడు. "నా బండి నడిచినన్నాళ్ళు నేను వస్తాను. నా తలుపు నేను తీసుకుని, నా సీట్లో నేను కూర్చుని వస్తాను. అది ఆగిపోయిన రోజు నేనూ ఆగిపోతాను. ఆ తర్వాత నన్ను బతిమాలకండి."

మేమందరం అది జబ్బు మనిషి విసుగనుకున్నాం. పెద్దమ్మ మాత్రం అనుకోలేదు. ఆయన మాటిచ్చి తప్పిన మనిషి కాదని ఆవిడకి తెలుసు. ఆ మంచి గుణమే ఇప్పుడు ఆవిడ ప్రాణానికి వచ్చింది.

అలా మూడేళ్ళు గడిచాయి. ఇంటి నుంచి ఆస్పత్రికి నాలుగు వీధులు. రెండు మలుపులు, ఒక రైలు గేటు, కూరగాయల బజారు పక్క సందు. ఇంజను ఇంకా వేడెక్కకముందే ఆస్పత్రి వచ్చేసేది. దించి, అక్కడ ఆపి, సాయంత్రం మళ్ళీ అదే దారిలో ఇంటికి. మిగిలిన రోజుల్లో కారు మెట్ల పక్కన గుడ్డ కప్పుకుని పడుకునేది. మీటరు నత్తలా కదిలేది. పెద్దమ్మకి అదొక గొప్ప. "మీ పెదనాన్న లెక్క ప్రకారం ఆయిల్ మార్చడానికి ఇంకా సగం కూడా రాలేదే. బండిని పువ్వులా వాడుతున్నా" అనేది.

ఒక ఆదివారం పొద్దున నేను వెళ్ళేసరికి ఆవిడ కారు బానెట్ ఎత్తి లోపలికి వంగి ఉంది. వీధిలో బానెట్ ఎత్తిన ఆడమనిషి కనిపిస్తే సలహా ఇవ్వడానికి నలుగురు చేరతారు కదా, అప్పటికే ఇద్దరు చేరారు. నన్ను చూడగానే వాళ్ళు తప్పుకున్నారు. నా ముఖం అలాంటిది. దగ్గరికెళ్తే పెద్దమ్మ చేతిలో ఇంజనాయిల్ పోసే చోటి మూత ఉంది, ఇంకో చేతిలో గుడ్డ ఉంది. మూత లోపలి వైపు తెల్లగా, మెత్తగా, ముఖానికి రాసుకునే క్రీములా ఏదో అంటుకుని ఉంది. ఆవిడ దాన్ని శ్రద్ధగా తుడుస్తోంది.

"ఏంటది?" అన్నాను.

"ఏమో. వస్తూ ఉంటుంది. తుడిచేస్తూ ఉంటా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"చలికాలం నుంచి" అంది, గుడ్డ మడత మార్చుకుంటూ. "వారం వారం తుడుస్తున్నాలే. ఇదిగో, చూడు, అద్దంలా లేదూ?"

నిజంగానే అద్దంలా ఉంది. మూత మీద అచ్చుపోసిన అంకెలు కూడా మెరుస్తున్నాయి. నేను ఫోను తీసి వెతికాను. నాకు కార్ల గురించి ఓనమాలు తెలియవు, కానీ ఫోను ఉన్నవాళ్ళకి అన్నీ తెలిసినట్టే ఉంటుంది. ఇంజను లోపల నీళ్ళ దారినీ ఆయిల్ దారినీ విడదీసే గాస్కెట్ అనేదొకటి ఉంటుందట. అది పోతే నీళ్ళు ఆయిల్లో కలిసి ఇలా తెల్లగా తేలుతుందట. అది పోయిందంటే ఇంజను మొత్తం విప్పాలట. పాత కార్లకి అంత ఖర్చు దండగట. అంతా గట్టిగా చదివేశాను. తల ఎత్తి చూస్తే పెద్దమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పైకి వినపడుతుంది, మెల్లగా చదువు" అంది.

మర్నాడు షాపుకి సెలవు పెట్టి, పెదనాన్నని ఆస్పత్రిలో దించాక కారుని షెడ్డుకి తీసుకెళ్ళింది. నన్నూ రమ్మంది. ఆ షెడ్డు మేస్త్రి పెదనాన్నకి పాత స్నేహితుడే. మోచేతుల దాకా నల్లగా, మాట మాత్రం మెత్తగా ఉండే మనిషి. నేల మీద రంపపు పొట్టు చల్లి ఉంది, గోడకి రెంచీలు సైజుల వారీగా వేలాడుతున్నాయి. ఆయన మూత తిప్పి తీశాడు, చూశాడు, మాకు చూపించాడు.

"ఏముందక్కా ఇందులో? శుభ్రంగా ఉంది కదా."

పెద్దమ్మ నేల చూపులు చూసింది. బయల్దేరే ముందు తుడిచింది మరి. డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు జ్వరం మాత్ర వేసుకుని వెళ్ళినట్టుంది వ్యవహారం. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. మేస్త్రి మూతని పక్కన పెట్టాడు. టార్చి వేసి ఆయిల్ పోసే గొట్టంలోకి తొంగి చూశాడు. ఆవిడ గుడ్డ అందని చోట, లోపలి అంచుకి, ఆ తెలుపు పేరుకుని ఉంది.

"అక్కా, బట్ట మీద మరక బట్టకి జబ్బు. ఇది అలా కాదు. ఇది లోపలేం జరుగుతోందో అది నీకు చెబుతున్న మాట. నువ్వు వారం వారం దాని నోరు మూసేశావ్" అన్నాడు. కోపంగా అనలేదు. కానీ పెద్దమ్మ చేతిలోని గుడ్డని సంచిలో పెట్టేసింది.

తర్వాత ఆయన ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ లాగి వేళ్ళ మధ్య ఆయిల్ రుద్ది చూశాడు. ఇంజన్ని చల్లబరిచే నీళ్ళ డబ్బా చూశాడు. "నీళ్ళెప్పుడైనా పోశావా?"

"గీత కంటే కాస్త తగ్గినట్టుంటే పోశాను. ఒకటి రెండుసార్లు."

ఆయన మళ్ళీ ఆ డబ్బా మీదికి టార్చి వేసి చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. చేతులు తుడుచుకుని చెప్పాడు. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి గాస్కెట్ పోవడం, అది పెద్ద జబ్బు. రెండోది, చిన్న చిన్న దూరాలు. ఇంజను వేడెక్కేటప్పుడు లోపల తేమ పుడుతుంది. దూరం వెళ్ళే బండిలో ఆ తేమ ఆవిరై పోతుంది. నాలుగు వీధులు తిరిగి ఆగిపోయే బండిలో అది ఎటూ పోలేక ఆయిల్లోనే కలిసి తెల్లబడుతుంది. "ఏదో నాకు ఇప్పుడే తెలీదు. ఆయిల్ మరీ టీ రంగులోకి మారలేదు కాబట్టి ఆశ ఉంది. ఇంతకీ ఆయిల్ ఎప్పుడు మార్చారు?"

"పదివేలు ఇంకా కాలేదు తమ్ముడూ."

"కిలోమీటర్లు అడగలేదక్కా. ఎప్పుడు అని అడిగాను."

ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టి ఆగిపోయింది. పెదనాన్న నడిపిన రోజుల్లో మార్చిందే. మూడేళ్ళు దాటింది. అప్పుడు మేస్త్రి ఒక సంగతి చెప్పాడు. పదివేల కిలోమీటర్లు అనేది సగం మాటేనట. పూర్తి మాట, పదివేలు గానీ ఏడాది గానీ, ఏది ముందొస్తే అది. పెదనాన్న తిరిగే తిరుగుడుకి ఎప్పుడూ కిలోమీటర్లే ముందొచ్చేవి. ఏడాది అన్న మాట ఆయనకి ఒక్కసారి కూడా అవసరపడలేదు. అవసరపడని సగాన్ని మర్చిపోయి, గుర్తున్న సగాన్ని భార్యకి అప్పజెప్పాడు. ఆవిడ దాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించింది. ఆవిడలాంటి ప్రయాణాలకైతే ఏడాది కూడా ఎక్కువేనట, ఆర్నెల్లకోసారి మార్చాలట.

అలమరలో ఆయిల్ డబ్బాలు వరసగా ఉన్నాయి. ఏది పోయాలన్నది తేలాలి. "మీ బావగారు చిక్కటిది పోయమనేవారు" అంది పెద్దమ్మ. మేస్త్రి మూతని ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ నెలల తరబడి మెరిపించిన అంకెలు అవే, ఐదు డబ్ల్యూ ముప్పై. ఈ ఇంజనుకి ఏ ఆయిల్ కావాలో దాని మూత మీదే రాసి ఉంది. మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తొందరగా పారుతుందో చెబుతుంది, అది చిన్నదైతే మంచిది. రెండోది బాగా వేడెక్కాక ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. చలికాలంలో తలనూనె సీసా బోర్లించినా పడదు కదా, చిక్కటి ఆయిల్ కూడా పొద్దున్నే అలాగే బద్ధకిస్తుందట. అది పైకి చేరేలోపు ఇనుము ఇనుముని ఒరుసుకుంటుంది. "చిక్కగా ఉంటే బలమని అందరూ అనుకుంటారు. నీ బండి పనంతా స్టార్టవడమేనక్కా. నీకు తొందరగా పరుగెత్తే ఆయిల్ కావాలి."

"అంటే మామూలుగా ఇనుము ఇనుముకి తగలదా?" అని నేనడిగాను.

"తగలదమ్మా. మధ్యలో ఆయిల్ పొర ఉంటుంది. వెంట్రుక కంటే పల్చన. లోపలి భాగాలు నిమిషానికి వేలసార్లు తిరుగుతుంటాయి, అయినా ఆ పొర ఉన్నంతసేపు ఒకదాన్ని ఒకటి ముట్టుకోవు."

నేను ఆ నల్లటి రంధ్రంలోకి తొంగి చూస్తూ ఉండిపోయాను. మూడేళ్ళపాటు, రోజు విడిచి రోజు, ఆ పాడైపోయిన పల్చటి పొర మీదే నిలబడి ఇది మా పెదనాన్నని మోసింది. దీనికి ఎవరూ కృతజ్ఞతలు చెప్పలేదు. ఇంజనుకి దండం పెడితే మేస్త్రి నవ్వుతాడని ఊరుకున్నాను.

ఆయన కింద బోల్టు విప్పాడు. ముసలి ఆయిల్ బూడిద కలిసిన నల్లరంగులో పళ్ళెంలోకి జారింది. కొత్త ఫిల్టరు బిగించాడు, కొత్త ఆయిల్ పోశాడు. నీళ్ళు సరిగ్గా గీత దాకా నింపి, పెద్దమ్మని దగ్గరికి పిలిచి చూపించాడు. "ఇప్పుడు దీన్ని పెద్ద రోడ్డెక్కించు. మధ్యలో ఆపకుండా గంటకి పైగా నడుపు. ఎక్కడైనా ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి చూడు. మూత శుభ్రంగా ఉండి, నీళ్ళు ఇదే గీత మీద ఉంటే నీ బండికి ఏ జబ్బూ లేదు. తెల్లగా మళ్ళీ వచ్చి, నీళ్ళు తగ్గితే మాత్రం..." అని ఆగి, చేయి చాపాడు. "ఆ గుడ్డ ఇలా ఇచ్చి వెళ్ళు."

ఆవిడ ఇచ్చేసింది.

సాయంత్రం పెదనాన్నని ఇంటికి తెచ్చి, ఆయనకి తెలియకుండా మిగతా పని కానిద్దామనుకున్నాం. పెదనాన్న మమ్మల్ని వాసన చూసే పట్టేశాడు. "కొత్త ఆయిల్ వాసన. పదివేలు ఎక్కడయ్యాయి?" అన్నాడు. పెద్దమ్మ మాట దాటేయబోయి, దాటేయలేక మొత్తం చెప్పింది. ఏది ముందొస్తే అది అన్న సగం మాట దగ్గరికొచ్చేసరికి ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"నాకు రోజు విడిచి రోజు ఆయిల్ మారుస్తున్నారు" అన్నాడు. "దానికి మూడేళ్ళు మార్చలేదా."

మేం నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాం. ఆయనే మళ్ళీ, "పల్చటిది పోశాడా?" అని అడిగాడు.

"మూత మీద ఉన్నదే పోశాడు. మీ రోడ్డు వేరండీ, నా రోడ్డు వేరు."

ఆయన గోడ మీది క్యాలెండరు చూశాడు. "ఎల్లుండి ఆస్పత్రి. రేపు వెళ్దాం. నేనూ వస్తాను" అన్నాడు. ఎందుకని ఎవరం అడగలేదు. అదే దాని ఆఖరి ప్రయాణమైతే తను అందులో ఉండాలనుకున్నాడని ముగ్గురికీ తెలుసు. ఆ తర్వాత ఏమవుతుందో కూడా తెలుసు.

మర్నాడు పొద్దున బయల్దేరాం. ఆయనకి తాగడానికి కొలిచిన నీళ్ళు, మాత్రలు, దిండు నా ఒళ్ళో ఉన్నాయి. కూరగాయల బజారు, రైలు గేటు దాటాం. ఆస్పత్రి మలుపు దగ్గర పెద్దమ్మ చేయి అలవాటుగా ఇండికేటరు మీదికి వెళ్ళి ఆగింది. మొదటిసారి ఆ మలుపు తిరగకుండా నేరుగా పోయాం.

పెద్ద రోడ్డెక్కాక లారీలు రెండువైపులా గోడల్లా లేచాయి. నేను వెనక సీట్లో దిండు పట్టుకుని కూర్చున్నాను. పెద్దమ్మ మూడో గేరులోనే పోతోంది, ఇంజను అరుస్తోంది. పెదనాన్న నోరు తెరుస్తాడేమో, ఇక గొడవ మొదలవుతుందేమో అనుకున్నాను. ఆయన తెరవలేదు. పెద్దమ్మ నాలుగో గేరు వేసింది. కాసేపయ్యాక, ఈ మూడేళ్ళలో ఒక్కసారి కూడా ముట్టుకోని ఐదో గేరు వేసింది. ఇంజను అరుపు ఒక్కసారిగా తగ్గి, నున్నటి గుసగుసగా మారిపోయింది.

ముందు ఒక పొడవాటి లారీ నిదానంగా పోతోంది. పెద్దమ్మ అద్దంలో చూసింది, పక్కకి చూసింది, మళ్ళీ అద్దంలో చూసింది. మరకని దీపం కిందకి జరిపి చూసే చూపు అదే, తొందర లేని చూపు. తర్వాత పక్క వరసలోకి జరిగి, ఆ లారీ పొడుగునా, చక్రం తర్వాత చక్రం దాటించుకుంటూ ముందుకొచ్చేసింది. డ్రైవరు పై నుంచి చూశాడు. ఆవిడ చూడలేదు. చున్నీ గాలికి ఎగురుతుంటే ఒక చేత్తో సర్దుకుని మళ్ళీ స్టీరింగు పట్టుకుంది.

నేను ఇందాకే చెప్పాను, గొప్పతనం నాకు ఆలస్యంగా కనిపిస్తుందని. అక్కడ కనిపించింది. నాలుగు వీధులు తప్ప ఇంకేమీ ఎరగని మనిషి. చెయ్యాల్సిన పని ఒకటుంటే దాని ముందు భయాన్ని పక్కన పెట్టేస్తుంది, అంతే. నర్సు అయినా కావాల్సొస్తే అయ్యేదే, విమానం నడపాల్సొస్తే ఆ స్కూల్లోనూ చేరేదే. నా పెద్దమ్మ అని కాదు, ఇలాంటి మనిషి వెనక కూర్చుని పోతున్నానని నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. సిగ్గుపడలేదు.

పెదనాన్న ఒక్కో ఊరు దాటినప్పుడల్లా వేలు చూపించడం మొదలుపెట్టాడు. ఆ స్కూల్లో పన్నెండు తక్కెడలు అమ్మాను. అక్కడ హెడ్మాస్టరు మైక్రోస్కోపులో తన మీసం వెంట్రుక చూసుకుని భయపడ్డాడు. ఆ వంతెన కట్టకముందు పడవ మీద కారు దాటించేవాళ్ళం. ఇన్ని మాటలు ఆయన నోటి నుంచి వచ్చి ఎన్నాళ్ళయిందో. పెద్దమ్మ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఊఁ కొడుతూ పోయింది. గంట దాటింది. ఇంకా పోయింది. మేస్త్రి చెప్పినదానికంటే చాలా దూరం పోయింది. ఆపాలంటే ఆవిడకి భయమేసిందని నాకు అప్పుడు అర్థమైంది. ఆపితే చూడాలి కదా.

చివరికి కొండ కింద ఒక టీ కొట్టు పక్కన, చెట్టు నీడలో ఆపింది. బానెట్ ఎత్తింది. చల్లారేదాకా మూత ముట్టుకోకూడదు. పెదనాన్న తన తలుపు తనే తీసుకుని, దాన్ని పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఎండలో వేడి ఇనుము టిక్కు టిక్కుమంటోంది. టీ కొట్టతను మూడు గ్లాసులు తెస్తే ఆయన వాటా సగం గ్లాసే, అది కూడా ఆయన తాగలేదు.

ఎంతసేపయిందో తెలియదు. పెద్దమ్మ అరచేతితో ఇంజను మీద మెల్లగా తాకి చూసింది, పిల్లల నుదురు తాకినట్టు. నీళ్ళ డబ్బా ముందు వంగింది. నేనూ వంగాను. గీత మీదే ఉంది. వెంట్రుక వాసి కూడా తగ్గలేదు. కానీ పెద్దమ్మ ముఖం తేటపడలేదు, మూత ఇంకా ఉంది. చేయి దాని మీద పెట్టింది. తిప్పలేకపోయింది.

"కాసేపాగు" అన్నాడు పెదనాన్న.

ఆవిడ ఆగింది.

"ఇంతదూరం నీ వీపు సీటుకి ఆనలేదు" అన్నాడు. "క్లచ్ అందక ముందుకి జరిగి, అంచు మీద కూర్చుని నడుపుతావు. మూడేళ్ళ నుంచీ అంతే. ఆ సీటు నా కొలతకి బిగించింది. ఇంకా ముందుకి రాదు. నేను చూస్తూనే ఉన్నాను."

ఇది ఎటు పోతోందో నాకు అర్థం కాలేదు.

"తెల్లగా ఉంటే ఉండనీ. ఇంకో బండి చూద్దాం. చిన్నది. నీ కాళ్ళకి అందేది."

"మరి... ఆస్పత్రికి?" అంది పెద్దమ్మ.

"దాన్లోనే వస్తాను" అన్నాడు ఆయన. "నువ్వు నడిపేది ఏదైనా సరే, వస్తాను."

మూత ఆవిడ చేతిలో ఎప్పుడు ఊడి వచ్చిందో తెలియదు. నేను దాన్ని వెలుతురుకి తిప్పి చూశాను. లోపలంతా లేత తేనె రంగు. తెలుపు ఎక్కడా లేదు.

"పెద్దమ్మా, బాగుంది. చూడు, ఏమీ లేదు" అన్నాను.

"ఊఁ" అంది. మూత వైపు చూడలేదు. ఆయన్నే చూస్తోంది.